ఊరి వాట్సాప్ గ్రూపుతో బీపీ, షుగర్ అదుపులోకి వస్తాయా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మా వీధిలో ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట. ఊరి స్నేహితులం కొందరం డబ్బులు వేసుకుని యూట్యూబ్ చానల్, ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు పెట్టి అవగాహన తేవాలనుకుంటున్నాం. నిజంగా ఉపయోగం ఉంటుందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ఉపయోగం ఉంటుంది. అయితే చానల్ సంగతి తర్వాత చూద్దురు, ముందు వాట్సాప్ గ్రూపు పెట్టండి. అది కూడా మీ ఊరి ఏఎన్ఎం, ఆశా ఒప్పుకున్నాకే. నేను పీహెచ్‌సీలో డాక్టరుగా చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు జిల్లాలో బీపీ, షుగర్ కార్యక్రమం చూస్తున్నదాన్ని. ఇలాంటి ప్రయత్నాల్లో నిలబడినవీ చూశాను, కొన్నాళ్ళకే గుడ్ మార్నింగ్ బొమ్మల గ్రూపుగా మారిపోయినవీ చూశాను. తేడా ఎక్కడ వస్తుందో కాస్త వివరంగా చెబుతాను.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ మీద చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వచ్చింది, దాని లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ వచ్చే ముందు దశలో ఉన్నారు. బీపీ 31.5 కోట్ల మందికి ఉంది. ఈ అంకెలు చూడగానే ఎవరికైనా ‘పాపం, జనానికి తెలియక’ అనిపిస్తుంది. కానీ షుగర్ అనే జబ్బు గురించి విననివాళ్ళు, నేను చూసినంతలో, ఇప్పుడు మన పల్లెల్లో తక్కువే. తీపి తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి అని మీ అమ్మగారే నలుగురికి చెప్పగలరు. తమకు బీపీ ఉందో లేదో చూపించుకోనివాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. వాళ్ళకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకరు: పరీక్ష చేయించుకుని, మాత్రలు మొదలుపెట్టి, మూడు నాలుగు నెలలు వచ్చి ఆ తర్వాత కనిపించకుండా పోయేవాళ్ళు.

ఎందుకు పోతారంటే, బీపీకి నొప్పి లేదు. మాత్ర వేసుకుంటే అంకె తగ్గుతుంది, తగ్గింది కాబట్టి ‘నయమైపోయింది’ అని ఆపేస్తారు. మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్ళిన కుటుంబం రెండు నెలలు ఊళ్ళో ఉండదు, మాత్రలు ఊళ్ళో క్లినిక్‌లో ఉంటాయి. ఉపాధి హామీ పనికి తెల్లవారుజామున వెళ్ళే మనిషికి క్లినిక్‌కి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఒకసారి వచ్చి ‘మందులు ఇంకా రాలేదమ్మా, వచ్చే వారం రండి’ అనిపించుకుంటే మళ్ళీ ఆ గడప తొక్కడు. ఈ మధ్యలో ఎవరో ఒకరు ‘ఆ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే కిడ్నీలు పోతాయట’ అంటారు. తర్వాత ఆ మనిషిని మేం చూసేది పక్షవాతంతో 108లో వచ్చినప్పుడే.

అందుకే మీ గ్రూపు పని ‘అవగాహన’ అని పెట్టుకోకండి. మందు మొదలుపెట్టిన మనిషి వచ్చే నెల కూడా మందు దగ్గరికి వచ్చేలా చూడటం, అదే దాని పని. సోషల్ మీడియా బాగా చేయగలిగింది కూడా అదే.

ఫోన్ మెసేజ్‌లు ఎంతవరకు పనిచేస్తాయో కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. చెన్నైకి చెందిన డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం షుగర్ ముందు దశలో ఉన్న 537 మంది ఉద్యోగస్తులైన మగవాళ్ళను తీసుకుని, సగం మందికి తిండి, నడక గురించి క్రమం తప్పకుండా ఎస్ఎంఎస్‌లు పంపింది. రెండేళ్ళలో షుగర్ వచ్చినవాళ్ళు మెసేజ్‌లు అందినవాళ్ళలో 18 శాతం, అందనివాళ్ళలో 27 శాతం. 2013లో ఈ ఫలితం వచ్చింది. మామూలు ఎస్ఎంఎస్‌కి ఇది చాలా మంచి ఫలితం. అయితే వాళ్ళు జీతం మీద బతికేవాళ్ళు, సొంత ఫోన్ ఉన్నవాళ్ళు, చదవగలిగినవాళ్ళు. అది గుర్తుపెట్టుకోండి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 1,372 మంది బీపీ పేషెంట్లను తీసుకుని, వాళ్ళలో కొందరికి ఏడాది పాటు మెసేజ్‌లు పంపారు. అందనివాళ్ళతో పోలిస్తే బీపీ పై అంకె సగటున 2.2 మాత్రమే తగ్గింది. సున్నా కాదు, అలాగని పండగ చేసుకునేదీ కాదు.

మూడోది మన దగ్గరదే. పశ్చిమ గోదావరి జిల్లాలో 54 గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్‌లు ఇచ్చారు. ట్యాబ్ చెప్పినట్టు ఎవరికి గుండె జబ్బు ముప్పు ఎక్కువో గుర్తించి వాళ్ళు డాక్టర్ దగ్గరికి పంపారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు చేసిన ఈ పనిలో ఆశాలు అద్భుతంగా పనిచేశారు, డాక్టర్ దాకా వెళ్ళినవాళ్ళ సంఖ్య కూడా బాగానే ఉంది. కానీ బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతంలో, ఆ ఏర్పాటు లేని ఊళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేను ఎవరికి సలహా ఇచ్చినా ఈ ఫలితాన్నే ముందు చెబుతాను. మనిషిని గుర్తించడం, కబురు పంపడం సగం పనే. వెళ్ళిన చోట మాత్రలు ఉండాలి, నెలనెలా ఉండాలి, అక్కడివాళ్ళు మోతాదు సరిచూడాలి.

కాబట్టి మొదటి పని: మీ ఊరికి దగ్గర్లో మందులు ఏ రోజు ఇస్తారో కనుక్కోండి. ఆంధ్రలో అయితే గ్రామ క్లినిక్ ఉంటుంది, 104 వాహనం వచ్చే రోజులు ఉంటాయి. తెలంగాణలో పల్లె దవాఖానా ఉంటుంది. 30 ఏళ్ళు దాటిన అందరికీ బీపీ, షుగర్ చూడటం ఇప్పటికే వాళ్ళ పని, ఆశా దగ్గర ఇంటింటి ఫారాలు కూడా ఉంటాయి. మీరు కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, ఉన్నదానికి గొంతు ఇస్తే చాలు. 2017 చివర్లో మొదలైన జాతీయ బీపీ అదుపు కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. దాని కిటుకల్లా ఇంతే: కొన్ని మందులే, ఒకే పద్ధతిలో, ఊరికి దగ్గరగా. ఈ నెల రానివాళ్ళ జాబితా తీయడం, వాళ్ళకు కబురు పెట్టడం. కొన్ని రాష్ట్రాల్లో దీనికి ‘సింపుల్’ అనే యాప్ కూడా వాడారు.

ఇక గ్రూపు ఎలా పెట్టాలో చెబుతాను. అడ్మిన్ మీరు కాదు, ఏఎన్ఎం గానీ క్లినిక్‌లో రోజువారీ వైద్యం చూసే ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ) గానీ ఉండాలి. మీరు డల్లాస్‌లో మెసేజ్ పెట్టేసరికి ఇక్కడ అర్ధరాత్రి, పైగా ఊళ్ళో ఎవరి మాట వింటారో మీకు తెలుసు. మెసేజ్‌లు అడ్మిన్‌లు మాత్రమే పెట్టేలా సెట్టింగ్ మార్చండి. కొందరికి ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ అందరికీ తలుపు తెరిస్తే వారం తిరిగేసరికి రాజకీయాలు, కషాయాలు, స్థలాల ప్రకటనలు వచ్చి పడతాయి, క్లినిక్ రోజు చెప్పిన మెసేజ్ ఎక్కడో కిందికి పోతుంది. ప్రశ్న అడగాలనుకున్నవాళ్ళు ఏఎన్ఎంకి విడిగా పంపుతారు. అందరికీ పనికొచ్చే ప్రశ్న అయితే పేరు లేకుండా జవాబు గ్రూపులో పెడతారు.

గ్రూపు పేరు ‘షుగర్ పేషెంట్లు’ అని మాత్రం పెట్టకండి. గ్రూపులో ఉన్న ప్రతి నంబరూ అందరికీ కనిపిస్తుంది. పెళ్ళి కావలసిన అమ్మాయికి షుగర్ ఉందని తెలిస్తే సంబంధాలు వెనక్కి పోతాయని ఇంట్లోవాళ్ళు ఎంత దాస్తారో నేను రోజూ చూస్తాను. ‘మన ఊరి క్లినిక్’ అని పెడితే చాలు, జబ్బు లేనివాళ్ళు కూడా ఉంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అడగకుండా ఎవరినీ చేర్చకండి. రిపోర్టుల ఫోటోలు గ్రూపులో పెట్టనివ్వకండి. నంబర్లు బయటపడకూడదంటే వాట్సాప్ చానల్ వాడవచ్చు, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి కూడా అడుగుతుంటారు. ఏఎన్ఎం నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది, ముసలివాళ్ళ ఫోన్లలో అలా సేవ్ అయి ఉండదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడకుండా పథకాలు వేసేవాళ్ళతో నాకు పెద్ద పేచీ. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్ళలో అది 48.8, 57.4 శాతం. అప్పటికీ ఇప్పటికీ పెరిగి ఉంటుంది, కానీ అరవై దాటిన ఆడమనిషి చేతిలో ఇప్పటికీ చిన్న బటన్ ఫోనే ఎక్కువ. స్మార్ట్ ఫోన్ కొడుకు దగ్గరో మనవరాలి దగ్గరో ఉంటుంది. అందుకే గ్రూపులో చేర్చాల్సింది పేషెంటును ఒక్కరినే కాదు, ఆ ఇంట్లో ఫోన్ పట్టుకునే మనిషిని కూడా. ఇంటర్ చదివే మనవరాలికి ‘మీ నాయనమ్మకు ఈ మాట వినిపించు’ అని చెబితే ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తుందో చూడండి. ఎవరూ లేని ఇళ్ళు కూడా ఉంటాయి. వాళ్ళ పేర్లు ఆశా దగ్గర వేరే కాగితం మీద ఉండాలి, అక్కడికి మనిషే నడిచి వెళ్ళాలి.

మెసేజ్ రాసి పంపకండి, మాట్లాడి పంపండి. ఊరి యాసలో, ఊరికి తెలిసిన గొంతుతో, నిమిషం దాటకుండా. మా దగ్గర బాగా పనిచేసిన మెసేజ్ ఒకటి ఇలా ఉండేది: ‘పెద్దమ్మలూ, బాబాయిలూ, నేను ఆశా అమ్మాయిని. రేపు బుధవారం పొద్దున క్లినిక్‌లో బీపీ, షుగర్ మాత్రలు ఇస్తారు. నిన్ననే మందులు వచ్చాయి, నేనే చూశాను. మాత్రలు అయిపోయినవాళ్ళు ఖాళీ అట్టలు పట్టుకుని రండి. షుగర్ చూపించుకునేవాళ్ళు ఏమీ తినకుండా రండి, చూపించుకోగానే తినడానికి ఇంత ఇడ్లీ తెచ్చుకోండి.’ ఇందులో వైద్యశాస్త్రం ఏమీ లేదు. మందులు వచ్చాయన్న నమ్మకం ఉంది, రోజు ఉంది, ఏం తేవాలో ఉంది. ఈ మెసేజ్ మంగళవారం సాయంత్రం, పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళకు వెళ్ళాలి. పొద్దున్నే పంపితే ఎవరూ వినరు.

మందులు రాకపోతే రాలేదనే చెప్పండి. ‘ఈ వారం బీపీ మాత్రలు లేవు, శుక్రవారం వస్తాయి, మళ్ళీ చెబుతాం, అప్పటిదాకా రావద్దు’ అని నిజం చెప్పిన గ్రూపును జనం నమ్ముతారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వట్టి చేతులతో తిరిగి వెళ్ళిన మనిషిని మళ్ళీ రప్పించడం మా వల్ల కూడా కాదు.

వారానికి రెండు మెసేజ్‌లు చాలు. ఒకటి క్లినిక్ గురించి, రెండోది ఆ కాలానికి తగిన మాట. సంక్రాంతి ముందు అరిసెలు తినవద్దని చెప్పే మెసేజ్ ఎవరూ వినరు, ఎన్ని తినాలో, తిన్న రోజు అన్నం ఎంత తగ్గించాలో చెబితే వింటారు. ఆవకాయ రోజుల్లో ఉప్పు మాట ఎత్తండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే అన్నిటిలో కలిపి ఒక టీ చెంచా. ఊరగాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు కలిపితే అది మధ్యాహ్నానికే దాటిపోతుంది. వలస వెళ్ళే కాలానికి ముందు ‘వెళ్ళేవాళ్ళు రెండు నెలల మాత్రలు అడిగి తీసుకెళ్ళండి’ అనే ఒక్క మెసేజ్ ఎన్నో ప్రాణాలు కాపాడుతుందని నా నమ్మకం. ఏఎన్ఎం, డాక్టరు అందుకు ముందే ఒప్పుకుని, సరిపడా మందులు తెప్పించి ఉంచాలి, అది చూసుకోండి.

ఉపవాసాల కాలం ఇంకా ముఖ్యం. కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ నెల. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని గానీ ఇన్సులిన్ తీసుకుని గానీ తినకుండా ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, ఆ తర్వాత స్పృహ తప్పడం. ఉపవాసం మానేయమని చెబితే వినరు, చెప్పాల్సిన అవసరమూ ప్రతిసారీ ఉండదు. ‘ఉపవాసానికి వారం ముందు క్లినిక్‌కి వచ్చి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడగండి, చెమటలు పడితే వెంటనే పంచదార నీళ్ళు తాగండి, దేవుడు ఏమీ అనుకోడు’ అని చెప్పండి. సెనెగల్ దేశంలో 2014లో మొబైల్ షుగర్ కార్యక్రమాన్ని రంజాన్ మెసేజ్‌లతోనే మొదలుపెట్టారు. జనం ఆ మాట వినడానికి సిద్ధంగా ఉన్న సమయం చూసి మొదలుపెట్టారు. కర్నూలు, కడప, హైదరాబాద్ పాతబస్తీ లాంటి చోట్ల ఉర్దూ కలిసిన తెలుగులో, మసీదు పెద్దల గొంతుతో ఇదే పని చక్కగా చేయవచ్చు.

ఇప్పుడు యూట్యూబ్ గురించి. తెలుగులో ఆరోగ్యం వీడియోలకు కొదవ లేదు, కొన్ని చాలా మంచివి. మీ చానల్ వాటిలో ఒకటిగా చేరితే మీ ఊరికి ఒరిగేది తక్కువ. దానికంటే, జనం ఫోన్లలోకి వచ్చే అబద్ధాలకు ఊరి స్థాయిలో జవాబు చెప్పేవాళ్ళు లేరు. ఆ లోటు పెద్దది.

నా దగ్గరికి వచ్చిన ఒక రైతు సంగతి చెబుతాను. ఏళ్ళుగా మాత్రలు వాడుతూ షుగర్ బాగానే పెట్టుకున్నాడు. ఒక వీడియోలో ‘నలభై రోజుల్లో షుగర్ మాయం, మాత్రలు ఆపేయండి’ అని చెప్పిన పొడి తెప్పించుకుని మాత్రలు ఆపేశాడు. పొలంలో కాలికి ముల్లు గుచ్చుకుంది. తిమ్మిరెక్కిన కాలు కాబట్టి నొప్పి తెలియలేదు. ఆయన భార్య కాలికి చుట్టిన తువ్వాలు విప్పితే గదంతా వాసన. షుగర్ నాలుగు వందలు దాటి ఉంది. రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆయన అమాయకుడు కాదు, చదువుకున్నవాడే. రోజూ మాత్ర మింగే బతుకులో ఎవరైనా ‘ఇక అక్కర్లేదు’ అంటే మనసు అటే లాగుతుంది. మనం తప్పుడు ప్రచారానికి జవాబు చెప్పేటప్పుడు ఈ అలసటను గౌరవించాలి. ‘మూర్ఖంగా నమ్మకండి’ అని తిడితే ఆ మనిషి మనకు చెప్పడం మానేస్తాడు, పొడి మానడు.

మీ గ్రూపులో ఒక్కో మాటకు ఒక్కో జవాబు సిద్ధంగా ఉంచండి. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల కిడ్నీలు పాడవవు, అదుపులో లేని షుగర్, బీపీ వల్ల పాడవుతాయి. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్ళకు ఆ మాత్ర మోతాదు తగ్గించాలి లేదా మార్చాలి, అందుకే ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష. ఒళ్ళు నొప్పులకు అడ్డూ అదుపూ లేకుండా మింగే నొప్పి మాత్రలు కిడ్నీకి నిజంగా ప్రమాదం, ఆ మాట ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బెల్లం కూడా షుగర్ పెంచుతుంది. కాకరకాయ కూరగా తినండి, అది మాత్రకు బదులు కాదు. రాగులు మంచివే, కానీ మెత్తగా పట్టించిన పిండితో జావ కాచి పెద్ద గ్లాసు తాగితే షుగర్ త్వరగా ఎక్కుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టడం అంటే ఆఖరి దశ అని కాదు. బరువు బాగా తగ్గించుకున్న కొందరికి మాత్రలు తగ్గడం, కొన్నాళ్ళు ఆగడం కూడా నిజమే. అది కూడా దాచకుండా చెప్పండి, అయితే డాక్టరు చూస్తుండగా, పరీక్షలు చేసుకుంటూ జరగాలని చెప్పండి.

ఇప్పుడు పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు ఏఐతో అతికించి మందులమ్మే వీడియోలు కూడా వస్తున్నాయి. షుగర్, బీపీ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. అలాంటిది కనబడితే రిపోర్ట్ కొట్టండి, ఔషధ నియంత్రణ అధికారులకు లింకు పంపండి. మీలాంటి చదువుకున్న యువకులు కొందరు ఈ ఒక్క పని పట్టుకున్నా మాకు పెద్ద సాయం.

గ్రూపులో చేయకూడనివి కూడా ఉన్నాయి. ఎవరికీ మందు పేరు, మోతాదు అందరి ముందు చెప్పకూడదు, ఏఎన్ఎం అయినా, అమెరికాలో ఉన్న మీ డాక్టరు స్నేహితుడు అయినా. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వాట్సాప్‌లో వైద్యం చేయడాన్ని అనుమతిస్తాయి కానీ అది ఇక్కడ రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు, ఎవరో స్పష్టంగా తెలిసిన పేషెంటు, ఇద్దరి మధ్య జరగాలి. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట రాకపోవడం, వీటికి గ్రూపులో అడిగి జవాబు కోసం ఎదురుచూడకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఈ మాట గ్రూపు వివరణలో ఎప్పుడూ కనబడేలా పెట్టండి.

మీ అమ్మగారి విషయానికి వస్తే, వీడియో కాల్‌లో ‘ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది నాన్నా’ అనే అంటారు. ‘మాత్రల అట్ట చూపించమ్మా, ఎన్ని మిగిలాయి’ అని అడగండి. ‘చివరిసారి బీపీ ఎంత ఉంది’ అని అడగండి. పాదాలు చూపించమనండి, మడమ పగుళ్ళు, వేళ్ళ మధ్య పుండ్లు ఉన్నాయేమో చూడండి. విదేశాల్లో ఉన్న పిల్లలందరూ వారానికోసారి ఈ మూడూ చేస్తే, అందుకు ఏ చానలూ అక్కర్లేదు.

డబ్బులు వేసుకుంటున్నామన్నారు కాబట్టి చెబుతున్నాను, అవి కెమెరా, ఎడిటింగ్ మీద పెట్టకండి. మంచి డిజిటల్ బీపీ మిషన్లు రెండు, వాటికి పెద్ద సైజు పట్టీ కూడా కొనండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. షుగర్ స్ట్రిప్పులు అయిపోతే తెప్పించే ఏర్పాటు చేయండి. గ్రూపు నడిపే ఆశా ఫోన్‌కి రీచార్జ్ మీరు భరించండి. ఇప్పటికే ఆమె మీద చాలా పనుల బరువు ఉంది, దీన్ని కూడా ఊరికే చేయమనడం న్యాయం కాదు. రోజూ సాయంత్రం గ్రూపుకు వచ్చే సందేహాలు చూడటానికి ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లలను ఇద్దరిని ఆమెకు తోడు ఇవ్వండి. సందేహాల్లో మనుషుల పేర్లు, జబ్బులు ఉంటాయి కాబట్టి, అవి బయట చెప్పరని ఆమెకు నమ్మకం ఉన్న పిల్లలనే పెట్టండి.

గ్రూపు పనిచేస్తోందా లేదా అన్నది సభ్యుల సంఖ్యను బట్టి, లైకులను బట్టి తేల్చకండి. నెలాఖరున ఏఎన్ఎంని మూడు అంకెలు అడగండి: రిజిస్టరులో ఎంతమంది ఉన్నారు, ఈ నెల ఎంతమంది మందులకు వచ్చారు, వచ్చినవాళ్ళలో ఎంతమందికి బీపీ 140/90 లోపు ఉంది. పేర్లు అడగవద్దు, ఆమె చెప్పకూడదు కూడా. ఆరు నెలలు పోయినా రెండో అంకె కదలకపోతే మెసేజ్‌లు పెంచకండి. మందుల సరఫరా, క్లినిక్ వేళలు చూడండి, లోపం చాలావరకు అక్కడే దొరుకుతుంది. కూలికి వెళ్ళేవాళ్ళ కోసం నెలలో ఒక రోజు సాయంత్రం ఆరు తర్వాత క్లినిక్ తెరిచి ఉంచగలరా అని డాక్టరుగారిని, సర్పంచిని కలిసి అడగండి. ఊరివాళ్ళు కూర్చుని గట్టిగా అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంది. ఒప్పుకున్న రోజున గ్రూపులో పెట్టాల్సిన మొదటి మెసేజ్ అదే.